తుమ్మబంకలో చుట్టిన గింజలు

గత వేసవిలో ఎమ్మిగనూరులో మా అవ్వ వాళ్ళ ఇంటి అటక సర్దుతుంటే ఒక సొరబుర్ర దొరికింది. మూతికి గుడ్డ కట్టి, పైన పేడతో మెత్తి ఉంది. లోపలంతా బూడిద, ఎండిపోయిన వేపాకు. వాటి మధ్య చిన్న చిన్న గుడ్డ మూటలు ఆరు: జొన్న, కొర్ర, అలసంద, ఆముదం, పత్తి, తుమ్మ. మా తాత పోయి పన్నెండేళ్ళు. అంటే ఆ గింజలకు కనీసం పన్నెండేళ్ళు. పారేద్దామా అన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. గింజ బతికుందో లేదో చూస్తే తెలీదు, తడిపితేనే తెలుస్తుంది అంది.

ఆ మాట పట్టుకుని బుర్రను హాస్టల్‌కి తెచ్చేశాను. మా ఫెస్ట్‌లో ఆర్ట్ క్లబ్‌తో కలిసి ఒక ఇన్‌స్టాలేషన్ పెట్టాలి, ఐడియా ఏదీ లేదు. అప్పుడే ఒక సీనియర్ అక్క మరియా తెరేసా ఆల్వెస్ అనే బ్రెజిల్ ఆర్టిస్ట్ గురించి చెప్పింది. పాత కాలంలో సరుకు లేని ఓడలు బరువు కోసం మట్టి నింపుకుని వచ్చి రేవుల్లో పారబోసేవి. ఆవిడ ఆ మట్టిలో నిద్రపోతున్న గింజల్ని మొలిపించడమే కళగా చేసింది. 2012లో బ్రిస్టల్ రేవులో ఒక పడవ మీద అలాంటి తోటే పెట్టారు. మనమూ అవ్వ గింజలతో చేద్దాం అనుకున్నాం. పాత గింజల్ని ఎవరు ఎలా దాచారా అని వెతుకుతుంటే, గింజల్ని తుమ్మబంకలో చుట్టి సముద్రం దాటించిన ఒక డాక్టరు తగిలాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్. ట్రే సంగతి చివర్లో చెప్తాను, ముందు ఆయన సంగతి.

నిజానికి ఆ పేరు నేను ముందే చూశాను. మీరూ చూసే ఉంటారు. క్యాంపస్‌లో చెట్లకు తగిలించిన బోర్డుల మీద లాటిన్ పేరు చివర రాక్స్‌బ్. అని ఒక పొట్టి ముక్క ఉంటుంది. ఫస్టియర్‌లో అదేదో వెర్షన్ నంబర్ లాంటిది అనుకున్నా. గిట్‌లో కమిట్ చేసినవాళ్ళ పేరు పడినట్టే, ఆ మొక్కను మొదట శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టినవాళ్ళ గుర్తు అది. బీడీ ఆకు వచ్చే తునికి చెట్టు చివర ఆయన పేరే. యేగిస చెట్టు చివరా ఆయన పేరే. జిట్టేగి చివరా అంతే.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివారు. అక్కడ జాన్ హోప్ అనే ప్రొఫెసర్ దగ్గర వృక్షశాస్త్రం ఒంటబట్టింది. అప్పట్లో మందులన్నీ చాలావరకు మొక్కల నుంచే కాబట్టి డాక్టర్లకు మొక్కల చదువు తప్పనిసరి. చదువయ్యాక ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సర్జన్ దగ్గర సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగంలో చేరారు. అంటే పాతికేళ్ళకి.

మద్రాసులో దిగిన దగ్గర్నుంచి ఆయనకో అలవాటు. రోజుకి మూడు సార్లు థర్మామీటర్, బారోమీటర్ చూసి పుస్తకంలో రాసుకోవడం. ఎవరూ అడగలేదు, జీతం పెరగదు. అయినా రాసేవారు. సెయింట్ జార్జ్ కోటలో రాసిన వాతావరణ డైరీ 1778లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఈ అలవాటు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం. ఆ రోజుల్లోనే లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ దక్షిణాదిలో మొక్కల కోసం తిరుగుతుండేవాడు. ఆయన సావాసంలో రాక్స్‌బర్గ్ చదువు ఇంకా పదునెక్కింది.

1781లో ఆయన్ని సామర్లకోటకి వేశారు. అవును, మన సామర్లకోటే. మా రూమ్మేట్ కాకినాడ వాడు. సామర్లకోట అంటే వాడికి రైల్వే జంక్షన్, భీమేశ్వరస్వామి గుడి. అప్పుడక్కడ కంపెనీ సైనికుల దండు ఉండేది. వాళ్ళకి డాక్టరు ఈయన. పన్నెండేళ్ళ పాటు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. కంపెనీ తోట ఒకటి ఆయన చేతిలో పెట్టారు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలి, మల్బరీ, చెరకు, దూరదేశాల నుంచి తెచ్చిన సీమపనస వరకూ అన్నీ అక్కడ పెంచి చూశారు.

ఎందుకు? కంపెనీకి లాభం కోసం. ఇది దాచాల్సిన పని లేదు. మలబారు మిరియాలకు డబ్బు పోయడం కంపెనీకి ఇష్టం లేదు. నీలి, చక్కెర, నార, రంగులు ఏది దొరికినా లండన్‌లో అమ్మచ్చు. రాక్స్‌బర్గ్ ఆ పని మనస్ఫూర్తిగానే చేశారు, స్వంతంగా వ్యాపారమూ చేశారు. రాజమండ్రి ప్రాంతంలో రైతులు చెరకు ఎలా నాటతారు, బెల్లం ఎలా వండుతారు అని దగ్గరుండి చూసి వివరంగా రాశారు. ఏటికొప్పాక బొమ్మలు చేస్తారే, ఆ అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలి రంగు తీయొచ్చని పరీక్షలు చేసి చూపించారు. మచిలీపట్నం అద్దకాలకు ఎర్ర రంగిచ్చే చిరివేరు మీద రాశారు. జ్వరాలకు అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు చాలా ఖరీదు కాబట్టి, దానికి బదులు మన అడవుల్లోని సోమి చెట్టు బెరడు పనికొస్తుందేమో చూడమని పొట్లాలు కట్టి పంపారు.

అన్నీ ఫలించలేదు. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం దొరికితే సంబరపడి పెద్ద తోటే వేయించారు. ఆయన వెళ్ళిపోయాక కొన్నేళ్ళకి దాన్ని వదిలేశారు. ఆ తోట బాధ్యత తర్వాత తీసుకున్న బెంజమిన్ హేన్ 1800 ప్రాంతంలో బెంగళూరు లాల్‌బాగ్‌కి మారిపోయాడు. రాక్స్‌బర్గ్ గురించి చదువుతుంటే నాకు నచ్చింది ఈ వైఫల్యాల లెక్కే. ఏ గింజ వేశాను, ఏది లేచింది, ఏది లేవలేదు అని రాసుకుంటూ పోయారు. ఆ లేవనివాటిని దాచేస్తే అది డేటా కాదు, గొప్పలు అవుతాయి.

ఇక బొమ్మల సంగతి. ఎండబెట్టిన మొక్కలో రంగు మిగలదు. అందుకని ఇక్కడి చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని మొక్క పచ్చిగా ఉండగానే వేయించేవారు. పువ్వును విప్పి లోపలి భాగాలు విడివిడిగా, గింజను అడ్డంగా కోసి ఒకసారి, నిలువుగా కోసి ఒకసారి. 1790 నాటికి దాదాపు ఏడు వందల బొమ్మలయ్యాయి. అప్పుడు విశాఖపట్నంలో పాముల మీద పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు వీటిని పుస్తకంగా వేయాలని పట్టుబట్టాడు. జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి కోరమాండల్ తీరం మొక్కల పుస్తకం లండన్‌లో అచ్చవడం మొదలైంది. మూడు సంపుటాలు, మూడు వందల ప్లేట్లు. మొత్తం పూర్తయ్యేసరికి పాతికేళ్ళు పట్టింది, ఆయన అది చూడలేదు.

ఆ పేజీల్లో ఒక్కో మొక్క దగ్గర తెలుగు పేరు కూడా ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలింగ భాషలో దీన్నిలా అంటారు అని. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. వేప, తుమ్మ, మర్రి దాటితే చెట్ల పేర్లు రావు నాకు. సండ్ర అనే మాట జీవితంలో మొదటిసారి చదివింది రాక్స్‌బర్గ్ లాటిన్‌లోనే. పాన్‌లో వేసే కాచు వచ్చే ఆ చెట్టుకి ఆయన పెట్టిన జాతి పేరు సుండ్ర. మన మాటే, కాస్త యాస మారింది. అవ్వకి ఫోన్ చేసి సండ్ర తెలుసా అని అడిగితే, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు నవ్వింది. మా ఇంట్లో ఉన్న మాట స్కాట్లండ్, లండన్ అన్నీ తిరిగి నా దగ్గరికి వచ్చిందన్నమాట.

ఆ పేర్లు ఆయనకి చెప్పిందెవరు? అడవిలో కాయ కోసిచ్చిందెవరు? బొమ్మలు వేసిన చేతులు ఎవరివి? పుస్తకంలో పేర్లు లేవు. గింజ లోపలి పొర దాకా నమోదు చేసిన మనిషి పక్కనే కూర్చుని బొమ్మ వేసిన వాళ్ళ పేర్లు అచ్చులోకి తేలేదు. ఇది నాకు మింగుడు పడలేదు.

ఇప్పుడు ఆ వాతావరణం పుస్తకం దగ్గరికి వద్దాం. 1789 నుంచి నాలుగేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఉత్తర సర్కారుల్లో, దక్కను అంతటా ఘోరమైన కరువు. ఎముకల గుట్టలు మిగిలాయని దాన్ని పుర్రెల కరువు అన్నారు. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే ధాత కరువు, 1876–78ది, దీని తర్వాతది. అప్పుడు బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఊడ్చుకుపోయాయి, మా ఆదోని ఆ రోజుల్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. రాక్స్‌బర్గ్ కాలానికి ఆదోని ఇంకా కంపెనీ చేతికి రాలేదు. నిజాం, టిప్పుల మధ్య నలుగుతోంది. సామర్లకోటలో కూర్చుని ఆయన రెండు పనులు చేశారు. ఒకటి, వాన కొలతలు ఆపలేదు. రెండు, ఇంతకుముందూ ఇలా జరిగిందా అని వాకబు చేసి, పిఠాపురం రాజావారి పూర్వీకుల నాటి సంగతుల ద్వారా సుమారు వందేళ్ళ కిందటి ఇంకో కరువు ఆచూకీ తీశారు. కరువులు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి కాలవ గట్ల మీద, ఊళ్ళ చుట్టూ కొబ్బరి, తాటి, ఈత, పనస లాంటివి వేయండి, వరి పోయినా తిండి దొరుకుతుంది అని కంపెనీకి రాశారు. కంపెనీ ఆ సలహాను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ కాగితాలు రెండు వందల ఏళ్ళు అలాగే పడున్నాయి. 1998లో రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు వాటిని వెలికితీశాడు. ప్రపంచంలో వేరే చోట్ల అదే కాలంలో వచ్చిన కరువులు, వరదలతో కలిపి చూసి, 1789–93లో చాలా బలమైన ఎల్ నినో వచ్చిందని నేచర్ పత్రికలో రాశాడు. ఎల్ నినో అనే మాటే రాక్స్‌బర్గ్‌కి తెలీదు. అది చూడ్డానికి ఉపగ్రహాలు లేవు. రోజుకి మూడుసార్లు చూసి రాయడం ఒక్కటే తెలుసు. దేనికి పనికొస్తుందో తెలీకుండా దాచిన డేటా రెండు శతాబ్దాల తర్వాత మొలకెత్తింది.

1793లో ఆయన్ని కలకత్తా పంపారు. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో కంపెనీ తోటని 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టాడు. కిడ్ పోయాక సూపరింటెండెంట్ పదవి రాక్స్‌బర్గ్‌ది. ఇరవై ఏళ్ళలో దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. 1814లో సెరాంపూర్ మిషనరీ విలియం కేరీ అచ్చువేసిన ఆ తోట జాబితాలో మూడున్నర వేల మొక్కలున్నాయి. బొమ్మలు రెండున్నర వేల దాకా అయ్యాయి. ఒక సెట్ కోల్‌కతాలో, ఒక సెట్ లండన్ దగ్గర క్యూ గార్డెన్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మన జనపనార మీద పరీక్షలు చేసి నమూనాలు లండన్ పంపిందీ ఆయనే. ఆదోని మార్కెట్ యార్డ్‌లో గోనెసంచి చూసినప్పుడల్లా ఇక ఆయన గుర్తొస్తాడు నాకు.

తుమ్మబంక కథ కలకత్తా నాటిదే. అప్పుడు ఇక్కణ్ణించి ఇంగ్లండ్‌కి ఓడ నెలల తరబడి వెళ్ళేది. ఉప్పుగాలి, వేడి, చెమ్మ, పురుగు. అట్టపెట్టెలో పంపిన గింజలు చేరేసరికి చాలావరకు చచ్చేవి. గింజ అంటే నిద్రపోతున్న ప్రాణి. మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటుంది. చెమ్మ, వేడి ఎక్కువైతే ఆ నిద్రలోనే తన దగ్గరున్న తిండంతా ఖర్చుపెట్టేసి పోతుంది. రాక్స్‌బర్గ్ చేసిందేమిటంటే గింజల్ని కాగితంలో పెట్టి పైన చిక్కటి తుమ్మబంక పూత పూయడం. బంక ఆరి గట్టి పెంకులా అవుతుంది, బయటి చెమ్మ లోపలికి తొందరగా పోదు. అలా పంపినవాటిలో ఒక మిమోసా గింజలు అవతల ప్రాణంతోనే దిగాయని ఆయనకి కబురొచ్చింది. అప్పట్లో తుమ్మల్ని కూడా మిమోసాల్లోనే లెక్కేసేవాళ్ళు.

ఆరోగ్యం చాలాసార్లు దెబ్బతింది. మధ్యలో ఒకసారి దక్షిణాఫ్రికా కేప్‌కి వెళ్ళి కోలుకుని వచ్చారు. 1813లో ఇక పని చేయలేక ఇండియా వదిలేశారు. దారిలో సెయింట్ హెలెనా దీవిలో ఆగి, ఒంట్లో బాలేకపోయినా అక్కడి మొక్కల జాబితా కూడా రాశారు. 1815 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో పోయారు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో సమాధి. జీవితమంతా రాసిన ఫ్లోరా ఇండికా ఆయన బతికుండగా అచ్చు కాలేదు. మొదటి భాగం 1820లో, పూర్తి పుస్తకం 1832లో వచ్చింది. రాతప్రతిని భద్రంగా దాచి అచ్చువేయించింది కేరీ.

ఇప్పుడు మా ట్రే. తడి గుడ్డ కోసం ఎమ్మిగనూరు చేనేత తువ్వాళ్ళు తెచ్చాను. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సొసైటీ పెట్టిన ఊరు కదా, ఆ మాత్రం ఉండాలి. ఒక్కో రకానికి ఇరవై గింజల చొప్పున ఆరు వరసలు. వెనకాల గోడ మీద కోరమాండల్ ప్లేట్ల ప్రింట్లు. మామూలుగా బొమ్మ కింద ఆర్టిస్ట్ పేరుండే చోట ఖాళీ చీటీలు అంటించాం. చాలామంది ప్రింటర్ తప్పనుకున్నారు. అడిగినవాళ్ళకి చెప్పాం.

తుమ్మ గింజ పెంకు గట్టిది, నీళ్ళు తాగదు. మేక తిని వదిలితే బాగా మొలుస్తుందని అవ్వ చెప్పింది. హాస్టల్లో మేక లేదు కాబట్టి గరుకు కాగితంతో రుద్ది వేడినీళ్ళలో నానబెట్టాం. 1803లో యాన్ టీర్లింక్ అనే డచ్చి వ్యాపారి కేప్‌లో పోగుచేసిన గింజలు బ్రిటిష్ వాళ్ళకి చిక్కి, లండన్ ఆర్కైవ్స్‌లో ఒక తోలు సంచిలో రెండు వందల ఏళ్ళు ఉండిపోయాయి. క్యూ వాళ్ళు ముప్పై రెండు రకాల్ని పరీక్షిస్తే మూడు రకాలే మొలిచాయి. అందులో ఒకటి తుమ్మ జాతిదే. అందుకే నా ఆశంతా తుమ్మ మీదే.

పన్నెండో రోజుకి లెక్క ఇది. తుమ్మ ఇరవైలో తొమ్మిది. అలసంద రెండు. ఆముదం ఒకటి. పత్తి సున్న. కొర్ర సున్న. జొన్న సున్న. సున్నాలు కూడా పెద్దక్షరాల్లోనే రాసి పెట్టాం. అమ్మే జొన్న విత్తనానికి నూటికి కనీసం 75 మొలవాలని రూలు. ఆ లెక్కన మా తాత గింజ ఫెయిల్.

ఆ రాత్రి అవ్వకి వీడియో కాల్ చేసి తుమ్మ మొలకలు చూపించాను. తొమ్మిది వచ్చాయి అవ్వా అని గొప్పగా చెప్పాను. చూసింది, బాగుంది అంది. తర్వాత జొన్న సంగతేంది అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. అది తాత వాళ్ళ నాయన నుంచి ఏటా దాచుకుంటూ వచ్చిన జొన్నంట. వానలు లేని ఏడు కూడా మూరెడు కంకి వేసేదంట. ఊళ్ళో పత్తి వచ్చాక మానేశారు. ఇప్పుడు ఇంకెవరి దగ్గరా లేదంట. దాని పేరు అడిగి రాసుకున్నాను. పేరు, రంగు, కంకి ఆకారం, ఎప్పుడు వేస్తారు, రొట్టె ఎలా ఉంటుంది, అవ్వ చెప్పినంతా. అవ్వ పేరు, తాత పేరు కూడా రాశాను.

ఫెస్ట్ అయిపోయింది. తుమ్మ మొలకలు కుండీల్లోకి మార్చాం. దసరాకి ఎమ్మిగనూరు తీసుకెళ్ళి చేను గట్టు మీద నాటతాను. బుర్ర అడుగున బూడిదలో ఇంకో గుప్పెడు జొన్నలు మిగిలాయి. అవి కూడా లెక్కపెట్టి తడిపాను, తువ్వాలు కప్పి కిటికీ దగ్గర పెట్టాను. ఈ రోజుకి నాలుగో రోజు.